కత్తితో వచ్చిన అధికారం చెల్లుతుందా? సిక్కోలు సర్కారు నుంచి కొన్ని ప్రశ్నలు

ప్రశ్న: బలవంతంగా గద్దెనెక్కినవాణ్ని ఇస్లామీ ధర్మశాస్త్రం పాలకుడిగా ఒప్పుకుంటుందా?

సున్నీ న్యాయవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకున్నారు, కాకపోతే ఇష్టపడి కాదు. గద్దెకు దారులు మూడు. పెద్దలు ఎన్నుకుని బైఅత్ చేయడం, అంటే విధేయత ప్రమాణం చేయడం, ఒక దారి. ఉన్న పాలకుడు వారసుణ్ని ప్రకటించడం మరో దారి. మూడోది కత్తి. 1333లో చనిపోయిన కైరో ప్రధాన ఖాజీ ఇబ్న్ జమాఆ మొహమాటం లేకుండా తేల్చేశాడు: బలంతో గెలిచినవాడికి లోబడాలి, రేపు వాణ్ని ఇంకొకడు ఓడిస్తే ఆ ఇంకొకడే పాలకుడు. ఇదేం న్యాయమండీ అనిపిస్తుంది. ఆయన భయమల్లా ముస్లింలు తమలో తాము నరుక్కుంటారనే. షియాల లెక్క వేరు. నాయకత్వం ప్రవక్త వంశపు ఇమాములది, గెలుపుతో హక్కు పుట్టదు.

ప్రశ్న: మన సిక్కోలుకు దీంతో ఏం పని?

సిక్కోలు అంటే నేటి శ్రీకాకుళమే. అక్కడ జామియా మసీదు కట్టించిన షేర్ మహమ్మద్ ఖాన్ గోల్కొండ ఫౌజుదారు. ఆ రోజుల్లో రాజెవరో తెలియాలంటే శుక్రవారం ఖుత్బాలో, అంటే నమాజు ప్రసంగంలో, ఎవరి పేరు చదువుతున్నారో వింటే చాలు. కుతుబ్‌షాహీలు షియాలు గనక గోల్కొండ ఖుత్బాలో పన్నెండుగురు ఇమాముల పేర్లుండేవి. 1636లో షాజహాన్ ఒత్తిడికి తలవంచి అబ్దుల్లా కుతుబ్‌షా ఆ పేర్లు తీయించాడు, మొదటి నలుగురు ఖలీఫాల పేర్లు, షాజహాన్ పేరు చేర్పించాడు. గోల్కొండ కోట చెక్కుచెదరలేదు గానీ ప్రార్థనలో రాజు మారిపోయాడు.

1687లో ఔరంగజేబు గోల్కొండనే పట్టుకోవడంతో సిక్కోలు మొగలుల పాలైంది. ముస్లిం రాజుల మీద ఈ దండయాత్ర ధర్మం కాదన్న ప్రధాన ఖాజీ షేఖుల్ ఇస్లాం అప్పటికే పదవి వదిలేశాడు. తమాషా ఏమిటంటే, తండ్రి షాజహాన్ బతికుండగా ఔరంగజేబు పట్టాభిషేకం చెల్లదని ఢిల్లీ ఖాజీ మొరాయించినప్పుడు, చెల్లుతుందని దారి చూపి ప్రధాన ఖాజీ అయిన అబ్దుల్ వహాబ్ ఈ షేఖుల్ ఇస్లాం తండ్రే.

ప్రశ్న: నిజాం అధికారం ఏ కోవలోకి వస్తుంది?

పుస్తకంలో రాసిపెట్టినట్టే జరిగింది. 1058లో చనిపోయిన బాగ్దాదు న్యాయవేత్త మావర్దీ ఒక వెసులుబాటు చెప్పాడు: ఒకడు రాష్ట్రాన్ని ఆక్రమించుకున్నా ఖలీఫాను గౌరవిస్తూ, ధర్మశాస్త్రం అమలుచేస్తూ, పన్నులు సక్రమంగా తీసుకుంటే ఖలీఫా అతనికి నియామకపత్రం ఇచ్చేయాలి. 1724లో షకర్‌ఖేడా దగ్గర నిజాముల్ ముల్క్, ఢిల్లీ లోపాయికారీగా ఉసిగొల్పిన సుబేదారు ముబారిజ్ ఖాన్‌ను చంపి, తిరుగుబాటుదారుణ్ని శిక్షించానంటూ తలను చక్రవర్తికి పంపాడు. మహమ్మద్ షా మింగలేక కక్కలేక ఆసఫ్ జా అనే బిరుదూ దక్కన్ సుబేదారీ ఇచ్చాడు. నిజాములు కూడా 1857 దాకా నాణేల మీద మొగలు చక్రవర్తి పేరే కొట్టించారు.

ప్రశ్న: ఇద్దరు పాలకులు కొట్టుకుంటే రైతు శిస్తు రెండుసార్లు కట్టాలా?

అక్కర్లేదు. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే నచ్చిన మాట ఇదే. సున్నీల్లో హనఫీ శాఖవారి ప్రామాణిక గ్రంథం హిదాయా ప్రకారం, తిరుగుబాటుదారులు ఖరాజు, అంటే భూమి శిస్తు, వసూలు చేసుకుపోతే అసలు పాలకుడు మళ్ళీ అడగకూడదు. కారణమూ చెప్పింది: పన్ను తీసుకునే హక్కు కాపాడినందుకు వస్తుంది, ఆ జనాన్ని కాపాడలేనివాడు ఏ మొహంతో అడుగుతాడు?

1753లో నిజాం సలాబత్ జంగ్ సిక్కోలుతో సహా నాలుగు సర్కార్లను ఫ్రెంచివారికి రాసిచ్చాడు. సిక్కోలు ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్ ససేమిరా అని మరాఠాలను పిలిచాడు. వాళ్లొచ్చి దోచుకుపోయారు. ఆ రోజుల్లో పల్లెల్లో ఎవరైనా హిదాయా తెరిచి చూశారనుకోను.

ప్రశ్న: ఆక్రమించుకున్నవాడు నియమించిన ఖాజీ చేసిన నికాహ్, ఇచ్చిన తీర్పు చెల్లుతాయా?

చెల్లుతాయి. క్రూరుడిగా పేరుపడ్డ ఉమయ్యద్ గవర్నరు హజ్జాజ్ కింద కూడా పెద్దలు ఖాజీ పదవులు తీసుకున్నారని హిదాయాయే ఉదాహరణ చెప్పింది. అయితే న్యాయంగా తీర్పు చెప్పనివ్వని పాలకుడి దగ్గర ఆ పదవి ఒప్పుకోకూడదు. పాలకుడు దొడ్డిదారిన వచ్చాడని జనం పెళ్ళిళ్ళూ క్రయపత్రాలూ రద్దయిపోతే బతికేదెలా?

ప్రశ్న: బొబ్బిలి యుద్ధం కూడా ఇలాంటిదేనా?

కాదు. 1757 జనవరిలో జరిగింది జమీందార్ల పోరు, అందులో ఫ్రెంచి సేనాని బుస్సీ దొర సైన్యం విజయనగరం జమీందారు విజయరామరాజు పక్షాన దిగింది. ధర్మశాస్త్రాన్ని అక్కడ ఎవరూ అడగలేదు.

ప్రశ్న: మరి ఈస్టిండియా కంపెనీ?

వాళ్లకీ కాగితం కావలసివచ్చింది! 1765 ఆగస్టు 12న మొగలు చక్రవర్తి షా ఆలం చేత ఉత్తర సర్కార్లకు ఫర్మానా రాయించుకున్నారు. ఇక్కడ షా ఆలం మాట చెల్లి ఎన్నాళ్ళయిందో అందరికీ తెలుసు. హైదరాబాదులో ఉన్నది నిజాం అలీ, అన్న సలాబత్ జంగ్‌ను దించి బీదరు కోటలో పెట్టి గద్దెనెక్కినవాడు. అతను ఊరుకోడు గనక 1766 నవంబరులో ఏటా 9 లక్షల రూపాయలకు మరో ఒప్పందం రాసుకున్నారు.

ప్రశ్న: ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం ముస్లింలకు ఈ నియమాల్లో ఏది వర్తిస్తుంది?

పాలకుడి గురించినవి ఏవీ వర్తించవు, ఎన్నికలూ రాజ్యాంగమూ ఉన్నాయి. 1937 షరియత్ చట్టం వివాహం, మెహర్, తలాక్, వారసత్వం లాంటి వాటికే. ఖాజీని 1880 ఖాజీల చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వం నియమించవచ్చు, కానీ ఆ నియామకంతో అతనికి తీర్పు చెప్పే అధికారం రాదు. నికాహ్‌కు సర్కారీ ఖాజీ ఉండితీరాలన్న నియమమూ ఆ చట్టంలో లేదు. జుమా నమాజుకు సుల్తాను అనుమతి కావాలన్న పాత హనఫీ షరతు సంగతీ అంతే: ముస్లిమేతర పాలన ఉన్నచోట జమాతు తనలో తాను ఒప్పుకుని ఇమామును నిలబెట్టుకుంటే నమాజు చెల్లుతుందని హనఫీ పండితులే చెప్పారు.