మధ్యలో చదువు మానితే మిగిలేదేమిటి?

గుంటూరు యార్డుకు కొత్త మిర్చి టిక్కీలు (బస్తాలు) జోరుగా వచ్చేది జనవరి దాటాకే. పర్చూరులోనైనా ప్రత్తిపాడులోనైనా రైతు చేతిలో డబ్బెంతో తేలేది అప్పుడే. 2025 ఆరంభంలో ధర పడిపోయి, చివరికి ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలతో మార్కెట్ జోక్య పథకం ప్రకటించింది. అలాంటి ఏడాది కొడుకునో కూతుర్నో కాలేజీ మాన్పించాలనుకునే ఇంటికి తెలియని సంగతి ఒకటుంది: అప్పటికి ఫీజు వాపసు గడువు ఎప్పుడో ముగిసిపోయి ఉంటుంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరు నిబంధనల్లో లెక్కంతా ప్రవేశాల చివరి తేదీ చుట్టూ తిరుగుతుంది. దానికి 15 రోజులు ముందే మానుకుంటే ఫీజులో 5 శాతం, అదీ 5,000 రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతాది ఇచ్చేయాలి. ఆ తర్వాత చివరి తేదీలోపు 90 శాతం, తేదీ దాటాక 15 రోజుల వరకు 80, నెల వరకు 50. నెల దాటితే పైసా రాదు. ఒక్కో ఏడాది యూజీసీ గడువు సడలిస్తుంది. 2024-25లో సెప్టెంబరు 30 దాకా పూర్తి ఫీజు వాపసు ఇవ్వాలంది. సంక్రాంతి నాటికి మాత్రం ఏ సడలింపూ అక్కరకు రాదు.

అంతమాత్రాన అన్నీ పోయినట్టు కాదు. పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీ తన దగ్గర అట్టేపెట్టుకోకూడదు. పరిశీలించి అప్పుడే తిరిగివ్వాలని అవే 2018 నిబంధనలు చెబుతున్నాయి. బకాయి ఉంటే వసూలుకు వేరే దారులున్నాయి. ఇంజినీరింగ్‌లో మరో దబాయింపు వినిపిస్తుంది: ‘నాలుగేళ్ల ఫీజూ కట్టి వెళ్లు’. ప్రవేశం ఎప్పుడు రద్దు చేసుకున్నా, రాబోయే ఏళ్ల ఫీజు అడగరాదని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) నిబంధన.

నోటిమాటతో మానేయడమే అసలు నష్టం. రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, తేదీ ముద్రతో రసీదు తీసుకోవాలి. విద్యారుణం ఉంటే బ్యాంకుకూ లేఖ రాయాలి. తండ్రో తల్లో సహరుణగ్రహీతగా సంతకం చేసి ఉంటే వాయిదాలు వాళ్ల మెడకే చుట్టుకుంటాయి.

కాలేజీ వినకపోతే ముందు విద్యార్థి ఫిర్యాదుల కమిటీకి, అక్కడ తేలకపోతే యూజీసీ 2023 నిబంధనల ప్రకారం నియమించిన అంబుడ్స్‌పర్సన్‌కు వెళ్లాలి. వినియోగదారుల కమిషన్‌పై మరీ ఆశ పెట్టుకోవద్దు. విద్య అమ్మకపు సరుకు కాదని, అందుకే వినియోగదారుల చట్టం కింద సేవాలోపం ఫిర్యాదు కుదరదని 2012లో పి.టి. కోషి కేసులో సుప్రీంకోర్టు అంది. ఉచిత న్యాయ సహాయానికి మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులు. మిగతావారిలో ఎక్కువమందికి ఆదాయ పరిమితి ఉంది. గుంటూరు, ఒంగోలుల్లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో అడగవచ్చు, 15100కు ఫోన్ చేసినా సరిపోతుంది.