నిత్య వ్యవహారంలో లినక్స్

లినక్స్ అనగానే మన కళాశాలల్లో రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తాయి. అది కంప్యూటర్ సైన్సు వారి వ్యవహారమనీ, నల్లటి తెర మీద ఆజ్ఞలు టైపు చేయగలవారికే పనికివస్తుందనీ కొందరంటారు. అంతా ఉచితం, వైరస్ బాధ లేదు, కళ్ళు మూసుకుని వేసేసుకోవచ్చని మరికొందరంటారు. రెండూ సగం నిజాలే. రికార్డు రాసుకోవడం, మెయిళ్ళు చూసుకోవడం, పాఠాలు వినడం, హాల్ టికెట్టు ప్రింటు తీసుకోవడం. సామాన్య విద్యార్థికి కంప్యూటరుతో వుండే పని ఇంతే. ఈ పనుల్లో లినక్స్ ఎక్కడ సాఫీగా నడుస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది, ఎందుకు మొరాయిస్తుంది అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

ఈ ప్రస్తావన ఇప్పుడెందుకంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి టిపిఎం 2.0 అనే భద్రతా సదుపాయం కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఇంచుమించుగా 8వ తరం మొదలుకొని పైవాటినే ఆమోదించారు. అంటే 2016 ప్రాంతంలో కొన్న ల్యాప్‌టాప్, తెర బాగుండి, కీబోర్డు బాగుండి కూడా, భద్రతా సవరణలు అందక మూలన పడవలసిందే. అన్న చదువు ముగిశాక తమ్ముడి చేతికి వచ్చిన ల్యాప్‌టాప్‌లు మన తరగతుల్లో ఎన్ని వున్నాయో చూడండి. కొత్తది కొనుక్కోమని చెప్పడం తేలికే, డబ్బు పెట్టేదెవరు? అలాంటి యంత్రాన్ని మరి నాలుగేళ్ళు పని చేయించగలమా అన్నదే అసలు ప్రశ్న.

ముందు మెయిలు సంగతి చూద్దాం. స్కాలర్‌షిప్పు నోటీసు, పరీక్ష ఫీజు గడువు, ఇంటర్వ్యూ కబురు అన్నీ నేడు మెయిలులోకే వస్తున్నాయి. వాటి నెత్తిన ప్రకటనలు కుప్పగా పడుతున్నాయి. లినక్స్‌లో ప్రసిద్ధమైన మెయిలు ప్రోగ్రాము థండర్‌బర్డ్. దాని 1.0 విడుదల 2004 డిసెంబరులో వచ్చింది. విండోస్‌లోనూ దొరుకుతుంది కాబట్టి ముందు అక్కడే అలవాటుపడి, తర్వాత దాని ప్రొఫైల్ ఫోల్డరును వెంట తెచ్చుకోవచ్చు.

ఇందులో వడపోత రెండు విధాలు. మొదటిది నియమాల వడపోత. పంపినవారి చిరునామాలో కళాశాల పేరుంటే ఫలానా ఫోల్డరులో వేయమని మనమే రాసిపెడతాం. నియమాలు పైనుండి కిందికి వరుసగా అమలవుతాయి. అందుచేత ముఖ్యమైనవి పైన వుండాలి, ఒకటి వర్తించాక తక్కినవాటిని ఆపమని చెప్పే ఆజ్ఞ కూడా చేర్చాలి. లేకపోతే కాలేజీ ఫీజు నోటీసు కింద ఎక్కడో 'డిస్కౌంట్' అనే మాట కోసం రాసిన నియమానికి చిక్కవచ్చు. ఏ నియమానికైనా సరే, 'తొలగించు' అనే పని మాత్రం అప్పగించవద్దు. వేరే ఫోల్డరులో పడేస్తే వెతుక్కోవచ్చు, చెరిపేస్తే వెతుక్కోవడానికి ఏముంటుంది?

రెండవది లెక్కల వడపోత. థామస్ బేయిస్ సూత్రం స్టాటిస్టిక్స్ విద్యార్థులకు తెలిసిందే. ఆయన మరణానంతరం 1763లో అచ్చయిన ఆ ఆలోచన, 2002లో పాల్ గ్రాహం రాసిన ఒక వ్యాసంతో మెయిలు ప్రోగ్రాముల్లో బాగా ప్రచారంలోకి వచ్చింది. దాని పద్ధతి ఇలా వుంటుంది. 200 చెత్త మెయిళ్ళూ, 200 మంచి మెయిళ్ళూ మనం గుర్తుపెట్టి చూపించామనుకుందాం. 'లాటరీ' అనే మాట చెత్తలో 40 చోట్లా, మంచివాటిలో 1 చోటా కనబడింది. ఆ మాట వున్న కొత్త మెయిలు చెత్త కావడానికి అవకాశం 41లో 40 వంతులు, అంటే సుమారు 97.6 శాతం. అదే 'ఫీజు' అనే మాట రెండింటిలోనూ 30 చోట్ల వుంటే అవకాశం సగానికి సగం, దాంతో ఏదీ తేలదు. ఇలా అనేక పదాల సాక్ష్యాన్ని కలిపి తీర్పు చెబుతుంది.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది. చెత్తను చెత్త అని చూపిస్తారు గాని, పొరపాటున చెత్తలో పడిన మంచి మెయిలును 'ఇది చెత్త కాదు' అని చెప్పరు. పై లెక్కలో మంచివాటి సంఖ్య లేకపోతే భాగహారమే లేదు. ఒక్కవైపే పాఠం విన్న వడపోతకు మంచి ఉత్తరం పోలికే తెలియదు. ఇంటర్వ్యూ తేదీ తెలిపే మెయిలు ఆ బుట్టలో పడి, గడువు దాటాక కనబడితే నష్టం ఎవరికి? మొదటి నెల రోజులూ ఆ బుట్టను రోజూ తిరగేయడం తప్పదు.

మరో సంగతి. థండర్‌బర్డులో రాసిన నియమాలు మన యంత్రం ఆన్‌లో వుండి, ఆ ప్రోగ్రాము నడుస్తున్నప్పుడే పనిచేస్తాయి. ల్యాప్‌టాప్ మూసేసి ఊరికి వెళితే ఫోనులో మెయిళ్ళన్నీ కలగాపులగంగానే వుంటాయి. అన్నివేళలా వడపోత కావాలంటే నియమాలను సర్వరులోనే రాయాలి. జీమెయిల్ వంటివాటిలో వెబ్ పేజీ నుండే ఆ ఏర్పాటు చేసుకోవచ్చు.

ఈ 'పని ఎక్కడ జరుగుతోంది' అనే ప్రశ్నే హార్డ్‌వేరు విషయంలో మరీ ముఖ్యం. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన దగ్గరున్న 386 యంత్రం కోసం ఈ కెర్నెల్ రాయడం మొదలుపెట్టాడు. నేడు అందులో వేలాది పరికరాలకు డ్రైవర్లున్నాయి. విండోస్‌కు డ్రైవరును సాధారణంగా పరికరం తయారుచేసినవారే ఇస్తారు. లినక్స్‌లో చాలావరకు కెర్నెల్‌తోనే వస్తాయి. తయారీదారు వివరాలు బయటపెడితే పని సులువు. పెట్టకపోతే ఎవరో ఓపికతో ఆరా తీసి రాయాలి. అందుకే నిన్ననే బజారులోకి వచ్చిన యంత్రం కన్నా రెండుమూడేళ్ళ పాతదే లినక్స్‌కు ఎక్కువ అనుకూలమని నా అభిప్రాయం.

వైఫై విషయంలో ల్యాప్‌టాప్ పేరు చూసి లాభం లేదు. ఒకే మోడలు పేరుతో వేర్వేరు వైఫై చిప్పులున్నవి అమ్ముతారు. ఎల్‌ఎస్‌పిసిఐ అనే ఆజ్ఞ ఇస్తే అసలు చిప్పు పేరు తెలుస్తుంది. ఇంటెల్ చిప్పులు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్పులకు విడిగా డ్రైవరు తెచ్చుకోవాలి. వైఫై లేకుండా తెచ్చుకోవడమెలా? ఫోనును యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ పెడితే చాలు.

ప్రింటరు దగ్గర కథ వేరు. కొన్ని చవక లేజర్ ప్రింటర్లకు సొంత తెలివి తక్కువ. పేజీ మొత్తాన్ని చుక్కలుగా మార్చే పని కంప్యూటరే చేసి, కంపెనీవారి సొంత భాషలో పంపాలి. మన ఊళ్ళలో జిరాక్సు షాపుల్లో తరచు కనిపించే కానన్ ఎల్‌బిపి 2900 ఆ రకమే. లినక్స్‌లో దాన్ని నడిపించేవారు లేకపోలేదు గాని, తిప్పలు పడాలి. హెచ్‌పీ వారి చాలా ప్రింటర్లకు వారి హెచ్‌పీలిప్ ప్యాకేజీ వుంది. ఫోను నుండి నేరుగా ప్రింటు ఇవ్వగల కొత్త నెట్‌వర్కు ప్రింటర్లకైతే సాధారణంగా డ్రైవరు అవసరమే రాదు. మరేమీ కుదరకపోతే పీడీఎఫ్ చేసి షాపుకు తీసుకెళ్ళడమే.

తెలుగు శాఖ వారికి ప్రత్యేకంగా ఒక మాట. యూనికోడ్ తెలుగు లినక్స్‌లో చక్కగా కనబడుతుంది. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు అందులోనే వుంటుంది, ఐబస్ ద్వారా ఆర్‌టీఎస్ పద్ధతి కూడా చేర్చుకోవచ్చు. కాని అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పాత సిద్ధాంత వ్యాసాలు ఇక్కడ తెరవబోతే చిక్కే. అవి యూనికోడ్ కావు. అలాంటి ఫైళ్ళున్నవారు ముందుగా మార్పిడి చేసుకోవాలి, లేదా పీడీఎఫ్‌లు తీసి దాచుకోవాలి.

ఇవన్నీ తెలుసుకోవడానికి విండోస్‌ను చెరపనక్కరలేదు. లినక్స్ మింట్ వంటిదాన్ని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దానితోనే యంత్రాన్ని ప్రారంభించవచ్చు. హార్డ్‌డిస్కు జోలికి పోదు. 4 జీబీ మెమరీ వున్నవాటికి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వున్న రకం మేలు. ఆ స్థితిలోనే వైఫై, శబ్దం, కెమెరా, ప్రింటరు, మూత మూస్తే నిద్రపోయి తెరిస్తే లేస్తుందా లేదా, అన్నీ చూడాలి. వేలిముద్ర రీడరు పనిచేయకపోతే దిగులు పడవద్దు, పాస్‌వర్డు ఎటూ వుంది. అన్నీ కుదిరాయనిపిస్తే ఫైళ్ళు వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, విండోస్‌లో బిట్‌లాకర్ వుంటే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకుని, అప్పుడు రంగంలోకి దిగాలి. ఆ కీ లేక సొంత ఫైళ్ళకే దూరమైనవారున్నారు.

రెంటినీ పక్కపక్కన వుంచుకునేవారికి ఒక వింత ఎదురవుతుంది. లినక్స్ నడిపి మళ్ళీ విండోస్‌లోకి వెళితే గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి పోయి వుంటుంది. బ్యాటరీ పాడైందని మెకానిక్కు దగ్గరకు పరుగెత్తేవారూ లేకపోలేదు. పాడైంది ఏమీ లేదు. యంత్రంలోని గడియారంలో లినక్స్ గ్రీనిచ్ కాలాన్ని వుంచుతుంది, విండోస్ దాన్నే మన కాలం అనుకుంటుంది. స్థానిక కాలాన్నే వుంచమని లినక్స్‌కు టైమ్‌డేట్‌సీటీఎల్ ద్వారా ఒకసారి చెబితే రెండూ ఒకే గంట చూపిస్తాయి.