నెలకు ఐదు రూపాయలు

పల్లెలో జబ్బు మనిషినే కాదు, పొలాన్నీ పట్టుకొంటుంది. గుండె ఆపరేషనుకు పట్నం వెళ్లిన రైతు తిరిగి వచ్చేసరికి పొలం తాకట్టులోకి, పాడి ఆవు సంతకు వెళ్లిపోయేవి. కోలారు, బళ్లారి, పావగడ ప్రాంతాల తెలుగు రైతులకు ఇది తెలిసిన బాధే.

ఈ బాధ తగ్గించడానికి కర్ణాటకలో 2003లో 'యశస్విని' పథకం అమలులోకి వచ్చింది. ప్రసిద్ధ హృదయ శస్త్రవైద్యులు డాక్టరు దేవీశెట్టి దీనికి ప్రేరకులు. సహకార సంఘాల సభ్యులు నెలకు 5 రూపాయల లెక్కన ఏడాదికి 60 రూపాయలు చెల్లించారు. 60 రూపాయలతో ఆపరేషన్ అవుతుందా? ఒక్కడి డబ్బుతో కాదు. కాని లక్షలమంది డబ్బు ఒకచోట చేరితే అవుతుంది. ఏ సంవత్సరమైనా ఆపరేషన్ అవసరమయ్యేది వారిలో కొద్దిమందికే. మిగిలినవారి సొమ్ము ఆ కొద్దిమందిని ఆదుకొంటుంది. బీమాలోని కిటుకంతా ఇదే. పేదవాడు కట్టగలిగినంతే కట్టించి, ప్రభుత్వం కూడా కొంత సొమ్ము కలిపింది.

2018లో ఈ పథకాన్ని 'ఆరోగ్య కర్ణాటక'లో కలిపివేశారు. 2022లో మళ్లీ విడిగా ప్రారంభించారు. అప్పుడు నలుగురున్న గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 500 రూపాయలుగా నిర్ణయించారు. షెడ్యూల్డు కులాల, తెగల సభ్యుల వంతును ప్రభుత్వమే భరించే ఏర్పాటు చేశారు.

అయితే జబ్బు వచ్చాక పరుగెత్తితే సభ్యత్వం దొరకదు. గడువులోగా సంఘంలో డబ్బు కట్టాలి. పథకంలో చేరిన ఆసుపత్రికే వెళ్లాలి. అక్కడ కార్డు చూపితే, ఆసుపత్రివారు ముందుగా అనుమతి తెప్పించుకొని చికిత్స చేస్తారు. ఈ చిన్న సంగతులు తెలియకనే చాలామంది అప్పులపాలవుతారు.

మరి రక్తపోటుకు, మధుమేహానికి రోజూ మింగే మాత్రల మాటేమిటి? యశస్విని ప్రధానంగా ఆపరేషన్ల కోసం ఏర్పడినది. మాత్రల ఖర్చు చూడటానికి చిన్నదే, కాని బతికినంతకాలం తప్పదు. ప్రభుత్వ ఆసుపత్రిలో చాలా మందులు ఉచితంగా ఇస్తారు. బయట కొనవలసినవారి కోసం కేంద్ర ప్రభుత్వం 2008లో జన ఔషధి దుకాణాలను ప్రారంభించింది.

ఒకే మందుకు ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క పేరు పెడుతుంది. పేరును బట్టి ధర మారుతుంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ ఏ పేరుతో అమ్మినా మెట్‌ఫార్మినే. జన ఔషధి దుకాణంలో మందును దాని అసలు పేరుతోనే, చాలా తక్కువ ధరకు అమ్ముతారు. చీటీలో కంపెనీ పేరు మాత్రమే ఉంటే, "అయ్యా, మందు అసలు పేరు కూడా రాయండి" అని డాక్టరుగారిని అడగవచ్చు. అలా అడగటానికి పెద్దలు మొహమాటపడతారు. చీటీ చదవగల పిల్లవాడు పక్కన ఉంటే ఆ పని సులువవుతుంది.