ఆంగ్ల క్రియలు – కాలరూపములలో కలుగు పొరపాట్లు

జ్వరముతో రెండు దినములు పడుకొనియుంటినని సెలవు చీటీలో తెలుపదలచిన విద్యార్థి ‘ఐ లైడ్ ఇన్ బెడ్ ఫర్ టూ డేస్’ అని వ్రాసినాడనుకొందము. అతడు చెప్పదలచినది నిజమే. కాని ఆ వాక్యమునకు వచ్చిన అర్థము ‘రెండు దినములు పక్కమీద అబద్ధములాడితిని’ అని! నిజము పలికినవానిని అతని క్రియాపదమే అబద్ధీకునిగా నిలబెట్టినది. కాలరూపముల విషయమున శ్రద్ధ వహింపవలెనని మేము విద్యార్థులను కోరుటకు కారణమిదియే.

ఇచ్చట మూడు వేర్వేరు క్రియలు కలవు. పడుకొనుట, ఒకచోట పడియుండుట అను అర్థమున లై, లే, లేన్. ఉంచుట, పరచుట అను అర్థమున లే, లేడ్, లేడ్. అబద్ధమాడుట అను అర్థమున లై, లైడ్, లైడ్. మొదటిదాని భూతకాలరూపమును, రెండవదాని వర్తమానరూపమును ఒక్కటియే యగుట చిక్కునకు మూలము. ‘ది బుక్ లే ఆన్ ది టేబుల్ యెస్టర్‌డే’ యనగా పుస్తకము నిన్న బల్లమీద ఉండెను. ‘ఐ లేడ్ ది బుక్ ఆన్ ది టేబుల్’ అనగా నేను దానిని అచ్చట ఉంచితిని.

ఈ భేదము మనకు క్రొత్త కాదు. తెలుగున లేచుట వేరు, లేపుట వేరు. ఉర్దూలో ఉఠ్‌నా వేరు, ఉఠానా వేరు. లేట్‌నా వేరు, లిటానా వేరు. ‘పిల్లవానిని లేచితిని’ అని మనలో ఎవ్వరును అనరు. కావున ఆంగ్లము వ్రాయునపుడు ‘దేనిని?’ అని ప్రశ్నించుకొనవలెను. సమాధానమున్నచో అది సకర్మకక్రియ.

సూర్యుడు తానే ఉదయించును. కనుక రైజ్, రోజ్, రిజన్. చేయిని మనము ఎత్తుదుము. కనుక రేజ్, రేజ్డ్, రేజ్డ్. చెట్టు తానే పడినచో ‘ది ట్రీ ఫెల్’. దానిని నరికి పడగొట్టినచో ‘దే ఫెల్డ్ ది ట్రీ’.

అయితే ఈ ప్రశ్న అన్నిచోట్లను చాలదు. కనుగొనుటకు ఫైండ్, ఫౌండ్, ఫౌండ్; స్థాపించుటకు ఫౌండ్, ఫౌండెడ్, ఫౌండెడ్. రెండును సకర్మకములే. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. ‘వాజ్ ఫౌండెడ్’ అనవలెను. ‘వాజ్ ఫౌండ్’ అన్నచో పోయిన వస్తువువలె ఎవరికో దొరికినదని అర్థమగును! అట్లే ‘హ్యాంగ్’ అను క్రియకు, పటమును గోడకు తగిలించినపుడు భూతకాలము ‘హంగ్’. మనిషిని ఉరితీసిన సందర్భమున ‘హ్యాంగ్డ్’ అని వ్రాయుట శిష్టసంప్రదాయము.

మూడు రూపములను కంఠస్థము చేసినంత మాత్రమున ప్రయోజనము లేదు. ప్రతి రూపముతోను ఒక్కొక్క స్వంత వాక్యము వ్రాసి, అధ్యాపకులకు చూపి దిద్దించుకొనవలెను. రేపు ఉద్యోగపు దరఖాస్తు వ్రాయునపుడు మన పక్షమున మాటలాడునది మన వాక్యమే. అది మనము తలచిన మాటనే పలుకునట్లు చూచుకొందము.