బడి యెరుగని విదుషి

నెల్లూరు పట్టణమునకును సముద్రమునకును నడుమ పెన్నానది నీటితో పండు వరిపొలములు కలవు. ఆ పొలముల నడుమ పొట్లపూడి యను గ్రామమున్నది. సుమారు నూటయిరువది యేండ్ల క్రిందట ఎనిమిదేండ్ల బాలిక యొకతె కోడలై ఆ గ్రామమున కడుగిడెను. ఆమెయే పొణకా కనకమ్మ.

కనకమ్మ 1892వ సంవత్సరమున నెల్లూరు మండలములోని మినగల్లు గ్రామమున జన్మించెను. ఆమె పుట్టినిల్లు మరుపూరువారిది. ఆ కాలమున సంపన్న గృహములందు సైతము ఆడపిల్లను బడికి పంపు ఆచారము మిక్కిలి అరుదు. కనకమ్మయు బడికి పోలేదు. ఎనిమిదవ యేటనే పొణకా సుబ్బరామిరెడ్డి గారితో వివాహమయ్యెను. అంతటితో ఆమె చదువు ముగిసినదని ఎవరైనను తలంతురు. కాని ఆమె చదువు ఆరంభమైనది ఆ తరువాతనే.

ఆనాటి పల్లెలో స్త్రీలకు లభించు వినోదములు కొన్నియే: పండుగలు, పేరంటములు, సాయంకాలపు పురాణశ్రవణము. ఒకరు చదువగా పదిమంది విని సంతసించెడివారు. వినుటతో తృప్తి చెందక తానే చదువవలెనను కోరిక కనకమ్మకు కలిగెను. ఇంటనే ఉండి, తన పట్టుదలతో ఆమె తెలుగు నేర్చెను. సంస్కృతమును, హిందీని గూడ అభ్యసించెను. భారతమున పదునైదు పర్వములు రచించిన తిక్కన సోమయాజి నివసించినది ఆ నెల్లూరి సీమయే. అట్టి సీమలో పుట్టియు పద్యము చదువలేకుండుట నదీతీరమున దాహముతో నిలుచుట వంటిది గదా!

చదువు రుచి మరగిన మనస్సు వ్రాయకుండ నిలువలేదు. కనకమ్మ పద్యములను, వ్యాసములను రచింపసాగెను. ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మ యను మిత్రురాలు ఆమెకు తోడయ్యెను. వారిరువురును కలిసి కవిత్వము చెప్పిరి. మన భాషలో జంటకవులనగా తిరుపతి వేంకట కవుల వంటి పురుషులే జ్ఞప్తికి వత్తురు. ఇరువురు స్త్రీలు జంటగా కవిత చెప్పుట ఆనాడు వింత. ఇద్దరు నెచ్చెలులు కలిసి చదువుకొనుట, ఒకరు చెప్పిన పద్యమును వేరొకరు విని మెచ్చుకొనుట చిన్న సంతోషములే. కాని ధనముతో వానిని కొనలేము.

తాను పొందిన ఆనందమును కనకమ్మ తన యింటనే దాచుకొనలేదు. పొట్లపూడిలో సుజనరంజనీ సమాజమును, వివేకానంద గ్రంథాలయమును నెలకొల్పుటకు పూనుకొనెను. పల్లెవారికి పుస్తకములు, పత్రికలు అందుబాటులోనికి వచ్చెను. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు పెన్న యొడ్డున పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. ఆ యాశ్రమమునకు భూమి సమకూర్చినది కనకమ్మయే. ఖద్దరు ధరించి, స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని, ఆమె కారాగారవాసమును సైతము అనుభవించెను.

1923లో ఆమె బాలికలకై నెల్లూరున కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించెను. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. తాను చిన్ననాట కూర్చుండ నోచని బడిని, పెద్దయైన పిదప ఇతరుల బిడ్డలకై ఆమె తెరిపించెను.

ఇట్టి కార్యముల నడుమ ఆమెకు రచనకు చిక్కిన తీరిక స్వల్పము. దుఃఖమును ఆమెను విడువలేదు. తన యేకైక కుమార్తె అకాలమున మరణింపగా, మనశ్శాంతికై తిరువణ్ణామలైకి పోయి శ్రీ రమణమహర్షి నాశ్రయించెను. అయినను కలమును విడువలేదు. తాను చూచినదియు, చేసినదియు, సహించినదియు గ్రంథస్థము చేసి తన జీవితకథను తానే వ్రాసియుంచెను. 1963 సెప్టెంబరు 15వ తేదీన ఆమె పరమపదించెను. ఆ గ్రంథము అప్పటికి అచ్చు కాలేదు. అది "కనకపుష్యరాగం" అను పేర 2011లో వెలువడెను. అనగా ఆ వ్రాతప్రతి పాఠకునికై నలువది యెనిమిదేండ్లు వేచియుండెను!

రచయితలలో కొందరి శ్రమకు ఫలము వెంటనే లభించును. కొందరికి వారి జీవితకాలమున లభింపదు. కనకమ్మ తన గ్రంథమును అచ్చులో చూచుకొనలేదు. కాని తాను నెలకొల్పిన విద్యాలయమున బాలికలు పలకలు చేతబట్టి అక్షరములు దిద్దుకొనుట కన్నులార చూచెను. వ్రాసిన పుస్తకము ఆలస్యమైనను, చదివించిన చదువు ఆలస్యము కాలేదు.