కుదరని రోల్ బార్: గ్రైండర్ కన్నా ముందు నోటీసు

ప్రశ్న: మాది చెన్నై టి. నగర్. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి, ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నడుపుకోవడానికి విడిభాగాల కిట్ తెప్పించి సొంతంగా ఒక చిన్న కారు కట్టుకుంటున్నాడు. కారు బోల్తా పడితే తలను కాపాడే రోల్ బార్ కోసం చాసీ కొలతలన్నీ పంపించి, వేరే రాష్ట్రంలోని ఒక వర్క్‌షాపుకి వాళ్ళ వెబ్‌సైట్‌లో రూ.38,000 కట్టాం. వచ్చిన బార్ కుదరడం లేదు. ఎడమ కాలు చాసీ మీద కూర్చుంటే కుడి కాలు కింద వేలు దూరేంత సందు ఉంటోంది. బోల్టు కన్నాలు కలవడం లేదు. ఫోన్ చేస్తే, "కాస్త గ్రైండ్ చేసి సందులో వెల్డింగ్ నింపించుకోండి, అందరూ అలాగే చేస్తారు" అంటున్నారు. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంది. మాకు దారేమిటి?

జవాబు: అమ్మా, ముందు మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. ఆ బార్ మీద గ్రైండర్ పెట్టవద్దు, వెల్డింగ్ చేయించవద్దు, కన్నాలు పెద్దవి చేయవద్దు. అలా చేస్తే బార్ బలమూ తగ్గుతుంది, మీ కేసు బలమూ తగ్గుతుంది.

ఎందుకు ముట్టుకోకూడదు?

1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 41 ప్రకారం, వచ్చిన సరుకును పరీక్షించి చూసుకునే అవకాశం కొన్నవారికి ఉండాలి. చాసీ మీద పెట్టి చూడటం ఆ పరీక్షలో భాగమే. అయితే సరుకు ఇంకా అమ్మినవారిదే అన్నదానికి విరుద్ధంగా దానితో మీరు ఏదైనా చేసినా, తగిన గడువులోగా వద్దని చెప్పకుండా ఉంచేసుకున్నా, మీరు దాన్ని అంగీకరించినట్టే అంటుంది సెక్షన్ 42. బార్‌ని కోశారంటే తిరస్కరించే హక్కు చేజారుతుంది. ఆ తర్వాత నష్టపరిహారం అడగడమే మిగులుతుంది. అప్పుడు కూడా "వాళ్ళే కోసి పాడుచేశారు" అనే వాదన అవతలివారికి దొరుకుతుంది.

అదే చట్టం సెక్షన్ 16 మీకు పెద్ద అండ. ఈ వస్తువు ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవారి నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు, అది ఆ పనికి పనికిరావాలన్న షరతు బిల్లులో రాయకపోయినా ఉన్నట్టే లెక్క. మీరు కొలతలు పంపించారు, బార్ దేనికో చెప్పారు. కుదిరేలా చేసి ఇవ్వాల్సిన బాధ్యత వర్క్‌షాపుదే.

ఇక సాంకేతికంగా చూసినా వాళ్ళ సలహా ప్రమాదకరం. పైపును వంచాక అది కొంత వెనక్కి విచ్చుకుంటుంది, వెల్డింగ్ వేడికి ఒక పక్కకి లాగుతుంది. అనుభవం ఉన్న పనివారు దాన్ని ముందే లెక్కలోకి తీసుకుంటారు. ఆ లెక్క తప్పి వచ్చిన సందును వెల్డింగ్‌తో నింపితే, బోల్తా పడినప్పుడు వచ్చే బరువంతా ఆ అతుకు మీదే పడుతుంది. బోల్టులతో బలవంతంగా లాగి బిగిస్తే, కారు కదలకముందే లోహంలో ఒత్తిడి ఉండిపోతుంది. అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల్లో ప్రధాన రోల్ బార్ పైపు 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం గానీ, 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం గానీ ఉండాలి. ప్రతి కాలికీ కనీసం మూడు ఎం8 బోల్టులు, అడుగున కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న బలపు ప్లేటు ఉండాలి. అమ్మకం ప్రకటనలో ఎఫ్ఐఏ పేరు వాడుకుని ఉంటే ఆ పేజీని ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి దాచండి. అది మీకు గట్టి ఆధారం.

బిల్లు మీది ముద్రకు విలువెంత?

ఉస్మాన్ రోడ్డులో బట్టల దుకాణంలోనైనా, జీపీ రోడ్డులో కారు సామాన్ల దుకాణంలోనైనా ఆ వాక్యం చూసి జనం నోరు మూసుకుని వెళ్ళిపోతారు. మూసుకోనక్కర్లేదు. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడం, డబ్బు తిరిగి ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోగా, లేకపోతే 30 రోజుల్లోగా వాపసు ఇవ్వాలి. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020 ఇ-కామర్స్ నిబంధనలు కూడా వర్తిస్తాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి.

ఒక హెచ్చరిక: కారు కట్టి లాభానికి అమ్మే ఉద్దేశం ఉంటే మీరు వినియోగదారు కిందికి రారు. సొంతానికి అయితే ఇబ్బంది లేదు. బిల్లు మీ పేరున ఉండి కారు అబ్బాయి వాడినా ఫరవాలేదు. కొన్నవారి అనుమతితో వాడేవారూ వినియోగదారులే.

ఈ వారంలోనే చేయాల్సినవి

బార్‌ని చాసీ మీద పెట్టి, టేపు కనిపించేలా సందును ఫొటో, వీడియో తీయండి. బార్ పైభాగం నుంచి దారానికి గుండు కట్టి వదిలి, ఎటు ఎంత ఒరిగిందో చూపించండి. చాసీ వంకర కాదని తేలడానికి దాని రెండు కర్ణాలనూ కొలిచి రాయండి. ఎందుకంటే అవతలివారి మొదటి వాదన "మీ చాసీయే వంకర" అని ఉంటుంది. మీరు పంపిన కొలతల కాగితం, బిల్లు, వాట్సాప్ సంభాషణ ఏదీ చెరిపేయకండి.

ఆ తర్వాత ఇ-మెయిల్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ ఇలా రాయండి: "మేము పంపిన కొలతలకు మీరు పంపిన రోల్ బార్ సరిపోలేదు. ఫొటోలు జతచేశాం. దీన్ని తిరస్కరిస్తున్నాం. 15 రోజుల్లో మీ ఖర్చుతో తీసుకుపోయి, సరైనది ఇవ్వండి లేదా పూర్తి సొమ్ము చెల్లించండి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాం." ఇంతే చాలు. కోపపు మాటలు వద్దు. 1915 జాతీయ హెల్ప్‌లైన్‌కి కూడా ఫిర్యాదు చేయండి. చాలా సంస్థలు ఆ దశలోనే దిగి వస్తాయి.

కమిషన్ ఎక్కడ?

అమ్మినవారి ఊరికి మీరు వెళ్ళనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయవచ్చు. చెన్నైలో ఉత్తరం, దక్షిణం అని రెండు జిల్లా కమిషన్లు ఉన్నాయి. మీ వీధి దేని పరిధిలోకి వస్తుందో కనుక్కుని వేయండి. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ళు గడువు. వకీలు తప్పనిసరి కాదు. నోటీసు అందాక అవతలి పక్షం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కమిషన్ ఇంకో 15 రోజులు పొడిగించవచ్చు, అంతకు మించి కుదరదని 2020 మార్చిలో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అవసరమైతే వస్తువును గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపమని కూడా అడగవచ్చు. ఆ ఫీజు ముందుగా మీరు కట్టాలి. అందుకే బార్ వచ్చినది వచ్చినట్టే ఉండాలి. లోపమున్న బార్ వల్ల గాయమే అయితే, తయారీదారు, అమ్మకందారు, బిగించిన మెకానిక్ మీద ఉత్పత్తి బాధ్యత కింద వేరే పరిహారం కోరవచ్చు.

రోడ్డెక్కించే ఆలోచన ఉంటే

ఈ కారును రోడ్డు మీదికి తేవద్దు. రోడ్డు మీద తిరిగే వాహనం రకం కేంద్ర మోటారు వాహనాల రూల్ 126 కింద పరీక్షలో నెగ్గాలి. చెన్నై పక్కన ఒరగడంలో ఉన్న గ్లోబల్ ఆటోమోటివ్ రీసెర్చ్ సెంటర్ అలాంటి పరీక్షలు చేసే సంస్థల్లో ఒకటి. ఇంట్లో కట్టుకున్న ఒక్క కారుకి ఆ దారి అందనిదే. రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ రోడ్డు మీద నడపడం నేరం. ట్రాక్‌కి వేరే బండి మీద ఎక్కించి తీసుకెళ్ళండి.

రోడ్డు మీద తిరిగే పాత జీపుకి రోల్ బార్ పెట్టించాలనుకునే ఇతర పాఠకులకూ ఒక మాట. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీం కోర్టు దాన్ని గట్టిగా నిలబెట్టింది. అనుమతి లేని ప్రతి మార్పుకూ అదే చట్టం సెక్షన్ 182ఎ కింద ఆరు నెలల దాకా జైలు లేదా రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ముందు ఆర్టీవోని అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.

రాజీకి వస్తే

నోటీసు అందాక వర్క్‌షాపు, "కొంత డబ్బు తగ్గిస్తాం, ఉన్నదే ఉంచుకోండి" అనవచ్చు. చీర అంచు వంకర అయితే ఆ రాజీకి ఒప్పుకోవచ్చు. ఇక్కడ ఆ బార్ కింద ఉండేది మీ అబ్బాయి తల. తగ్గింపు ఇచ్చినంత మాత్రాన వంకర బార్ సురక్షితం కాదు. సరైన బార్ కావాలి, లేదా మొత్తం డబ్బు కావాలి అనే మాట మీదే నిలబడండి. కొత్తది వచ్చినా, ఏ బలవంతమూ లేకుండా రెండు కాళ్ళూ చాసీ మీద పూర్తిగా కూర్చుని, బోల్టులు చేత్తోనే కన్నాల్లోకి దిగాకే "అందింది, సరిపోయింది" అని సంతకం చేయండి. అప్పటిదాకా అబ్బాయిని ఆ కారులో ఎక్కనివ్వకండి.