పొగకూ బదిలీ ఉంటుందా?

మనలో చాలామంది మూడు నాలుగేళ్లకోసారి బడి మారినవాళ్లమే. నాన్నకో అమ్మకో బదిలీ ఆర్డరు రాగానే పెట్టెలు కట్టేస్తాం. కర్మాగారాలకూ అలాంటి ఆర్డర్లు వస్తాయని ఈ ఏడాది అర్థశాస్త్రం చదువుతుంటే తెలిసింది.

కాలుష్యం గురించి ఒక వక్రరేఖ ఉంది. దేశం ఆదాయం పెరుగుతున్న కొద్దీ మొదట పొగా పెరుగుతుంది, ఒక స్థాయి దాటాక తగ్గుతుంది. గీసి చూస్తే బోర్లించిన గిన్నెలా ఉంటుంది. సైమన్ కుజ్‌నెట్స్ పేరు మీద దీన్ని పర్యావరణ కుజ్‌నెట్స్ వక్రరేఖ అంటారు. 1990వ దశకంలో గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఆర్థికవేత్తల పరిశోధనతో ఇది ప్రచారంలోకి వచ్చింది. ముందు సంపాదించుకోండి, తర్వాత శుభ్రం చేసుకోవచ్చు అని చాలామంది దానికి అర్థం చెప్పుకున్నారు.

చైనా చూద్దాం. బీజింగ్‌లో 2013లో ఘనపు మీటరు గాలికి పి.ఎం. 2.5 ధూళి ఏడాది సగటు సుమారు 90 మైక్రోగ్రాములు. 2022కి అది 30కి దిగింది. మన దేశ ప్రమాణం 40. వక్రరేఖ నిజమేననిపిస్తుంది కదా? కానీ బీజింగ్ పడమటి అంచున 1919లో పుట్టిన షౌగాంగ్ ఉక్కు కర్మాగారం ఏమైందో చూడండి. 2010 చివరికి అక్కడ కొలిమి ఆరిపోయింది. ఉత్పత్తి మాత్రం ఆగలేదు, పక్కనున్న హెబెయ్ రాష్ట్రంలో సముద్రతీరానికి వెళ్లింది. హెబెయ్ ప్రజల ఆదాయం బీజింగ్ వారికన్నా బాగా తక్కువ. కొత్త కర్మాగారం పాతదానికన్నా మెరుగైనదే, ఆ మాట ఒప్పుకోవాలి. 2013 తర్వాత బొగ్గు మీద కఠిన నియమాలు పెట్టాక హెబెయ్ గాలి కూడా బాగుపడింది. అంటే ఆదాయం ఒక్కటే ఆ పని చెయ్యలేదు.

ఇక మన విశాఖ. ఇటు కొండలు, అటు కొండలు, మధ్యలో గిన్నెలాంటి పల్లంలో ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం. శీతాకాలపు రాత్రి నేల దగ్గరి చల్లగాలిని పైనున్న వెచ్చని గాలి మూతలా కప్పేస్తే పొగ పైకి పోలేదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. ఇక్కడ ఎక్కువ మార్కులొస్తే తప్పినట్టే! 70 దాటి తీవ్ర కాలుష్య జాబితాకెక్కిన 43లో విశాఖ, పటాన్‌చెరు-బొల్లారం రెండూ ఉన్నాయి.

సాలువా నుంచి ఖరగ్‌పూర్ దగ్గరే. శ్రీకాకుళం, విజయనగరం నుంచి రైల్వే పనికి వచ్చిన తెలుగువాళ్లు అక్కడ తరతరాలుగా ఉన్నారు. వారికి ఆవిరి ఇంజను పొగంటే నెల జీతం. ఇప్పుడు ఊరి చుట్టూ ఇనుము కర్మాగారాలున్నాయి. అక్కడి కూలీకీ జీతం కావాలి, అతని పిల్లలకూ ఊపిరి కావాలి. మనకైతే మూడేళ్లకు ఆర్డరు వస్తుంది. వాళ్లకు రాదు.

ఇంట్లో చేసే పని ఒకటి: డిసెంబరులో ఉత్తరపు గాలి వీచే రోజుల్లో కిటికీ బయట తడి తెల్లగుడ్డ వారం కట్టండి. మే నెలలో దక్షిణపు గాలికి మరోటి కట్టండి. రెండూ పక్కపక్కన పెట్టి, తేదీలు రాసి క్లాసుకు తీసుకురండి.